తూము తెరవబడెను: కాలువ దఫ్తరులో నేను రాసిన ఇంగ్లీషు

పింఛను మొదలైన నాటి నుంచి నేను ఏ కాగితం కిందా సంతకం పెట్టలేదు. ఆ హాయి ఎలాంటిదో కొలువులో కొత్తగా చేరేవాళ్ళకు చెప్పినా అర్థం కాదు. ఈ మధ్య కాలువ దఫ్తరులో రాత పనికి కుదిరిన ఇద్దరు పిల్లలు మా ఇంటికి వచ్చి, ఇంగ్లీషు రిపోర్టు ఎలా రాయాలో, ముఖ్యంగా ప్యాసివ్ వాయిస్ ఎలా వాడాలో చెప్పమన్నారు. గంటసేపు చెప్పాను. వాళ్ళు పలక మీద రాసుకున్నంత శ్రద్ధగా రాసుకుని వెళ్ళిపోయారు. వెళ్ళాక తోచింది: ఆ వాక్యం తయారు చేయడం చెప్పాను గానీ, దానితో నేను ఒక మనిషికి చేసిన చెరుపు చెప్పలేదు. అది చెప్పకపోతే నేర్పినట్టు కాదు. నేను ఏ ఏడు ఏ తరగతికి పెరిగానో సర్వీసు పుస్తకంలో ఉంటుంది. అందులో లేనిది ఇక్కడ రాస్తున్నాను.

చెద తిన్న పుస్తకం

మాది బాన్సువాడకు, రుద్రూరుకు మధ్య ఒక చిన్న ఊరు. వరి పండించే ఇల్లు. నేను చదివింది ఉర్దూ మిడిల్ వరకే. ఇంగ్లీషు నాకు బడి పెట్టిన భిక్ష కాదు. బాన్సువాడలో ఒక వకీలుగారు తమ ఇంటి ముందరి గది గ్రంథాలయానికి ఇచ్చారు. రెండు అల్మారాలు, ఒక చాప. ఆ అల్మారాల్లో నేను తెరవని పుస్తకం లేదు. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను. తెలుగు అయింది, ఉర్దూ అయింది, అడుగు అరలో అట్ట పోయిన ఇంగ్లీషు వ్యాకరణం ఒకటి మిగిలింది. దాన్ని మూడేళ్ళు చదివాను.

అందులో ప్యాసివ్ వాయిస్ అధ్యాయం నాకు ఒక యంత్రంలా కనబడింది. ఇటు నుంచి వేస్తే అటు నుంచి తిరగబడి వస్తుంది. 'సాయన్న ఓపెన్డ్ ద గేట్', అంటే సాయన్న తూము తెరిచాడు. ఇందులో పని చేసినవాడు సాయన్న. పని జరిగింది తూముకు. తూమును తెచ్చి వాక్యం ముందర పెట్టాలి. తరువాత కాలానికి తగినట్టు 'ఈజ్', 'వాజ్', 'హాజ్ బీన్', 'విల్ బీ'లలో ఒకటి రావాలి. దాని పక్కన క్రియ మూడో రూపం. చేసినవాడిని తోకలా చివరికి పంపి, ముందు 'బై' తగిలించాలి. 'ద గేట్ వాజ్ ఓపెన్డ్ బై సాయన్న.' తూము సాయన్న చేత తెరవబడెను. చేసినవాడు అక్కర్లేదనుకుంటే తోక కోసేయవచ్చు. వాక్యం చావదు.

పని ఎవరికో, దేనికో జరగాలి. లేకపోతే వాక్యం తిరగబడదు. నీళ్ళు పారాయి, మనిషి నిద్రపోయాడు, వాన వచ్చింది... వీటిని ఎంత తిప్పినా తిరగవు. ఈ సంగతి తెలియక నేను 'నీళ్ళు పారబడెను' అని వారం రోజులు కుస్తీ పట్టాను.

మన మాటలో ఈ 'బడు' నోటికి రాదు. ఉర్దూ ఫర్మానాల్లో 'కియా గయా', అంటే చేయబడింది, అని ఉంటుంది కాబట్టి దఫ్తరువాళ్ళకు కొంత అలవాటే. ఇంట్లో వాళ్ళకు కాదు. ఒకనాడు మా అవ్వ తిన్నావా అని అడిగితే, అన్నం నా చేత తినబడింది అన్నాను.

"ఏంది కొడుకా, తిన్నవా అంటే తినబడ్డదంటవ్? దానంతట అదే తినబడ్డదా? గట్లయితే రేపటిసంది గిన్నె నీ ముందల పెట్ట, అదే తినబడుతది" అన్నది.

ఆ అధ్యాయం చివర ఒక శీర్షిక ఉండేది: ఎప్పుడు వాడాలి. దాని కింద నుంచి నాలుగు పుటలు చెద తినేసింది. అంటే చేయడం నాకు వచ్చు, వాడటం రాదు. అప్పట్లో ఆ తేడా పట్టించుకోలేదు.

మేస్త్రీలు గాక

ఆ ఇంగ్లీషు చూసే నన్ను కాలువ దఫ్తరులో తీసుకున్నారు. సాగర్ కాలువ పారడం మొదలై నాలుగైదేళ్ళు. లోపలి కాగితాలు ఉర్దూలో నడిచేవి. పై దఫ్తరు ఇంజనీర్లకు వెళ్ళే రిపోర్టులు మాత్రం ఇంగ్లీషు. మా ఇంజనీరు సాబ్ ముసలివారు, మా ఇలాకాకు కొత్త. ఇంగ్లీషు బాగా వచ్చినా చెయ్యి వణికేది. అందుకని వారు చెబితే నేను రాసేవాడిని.

మొదటి నెల నేను రాసిన ప్రతి వాక్యానికీ 'బై' ఉంది. గోడ మేస్త్రీల చేత కట్టబడెను. మట్టి కూలీల చేత మోయబడెను. సాబ్ కళ్ళద్దాలు తీసి నన్ను చూశారు.

"మియా, గోడ మేస్త్రీలు గాక హకీములు కడతారా?" అని ఉర్దూలో అడిగి, వరసగా పదకొండు 'బై'లు కొట్టేశారు. తరువాత ఓపికగా చెప్పారు. చేసినవాడు ఎవరో తెలియనప్పుడు వదిలేయాలి. ఎవరో అందరికీ తెలిసినప్పుడు వదిలేయాలి. చేసినవాడికన్నా జరిగిన పని ముఖ్యమైనప్పుడు వదిలేయాలి. కాలువకు గండి పడితే ముందు గండి సంగతి రాయాలి గానీ, గండి పూడ్చిన కూలీ పేరు కాదు.

చెద తిన్న పుటలు నాకు దొరికాయనుకున్నాను. ఆ రోజు నుంచి నా రిపోర్టుల్లో మనుషులు లేరు. కాలువ తవ్వబడేది, గట్టు కొలవబడేది, నీళ్ళు వదలబడేవి. కాలువంతా దానంతట అదే నడుస్తున్నట్టుండేది. చదువుకుని మురిసిపోయేవాడిని.

గట్టు తెగిన సోమవారం

యుద్ధం రావడానికి ఒకటి రెండేళ్ళ ముందు, వానాకాలం. రుద్రూరు దారిలో ఒక పిల్ల కాలువ ఉంది. దాని మొదట్లో తూము, తూము పక్కన లష్కర్ గుడిసె. కాలువ తూములు ఎత్తి దించే పనివాడిని లష్కర్ అంటారు. అక్కడి లష్కర్ సాయన్న. నడివయసు, సన్నటి మనిషి, అక్షరం రాదు. భార్య గంగవ్వ. తూము కిందుగా కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కమ్మవారి పొలాలు. గట్టును ఆనుకుని వెంకట్రామయ్యగారి మడి ఉండేది.

ఆ సోమవారం పొద్దున తూము మూరెడు ఎత్తి ఉంది. పదింటికి వాన పట్టింది. మధ్యాహ్నానికి పిల్ల కాలువ గట్టు తెగి, మూడు రోజుల కింద నాటిన వరి మీద ఇసక మేట వేసింది.

ఇంజనీరు సాబ్ రిపోర్టు చెప్పారు, నేను రాశాను. 'ద గేట్ వాజ్ ఓపెన్డ్ ఆన్ మండే.' సోమవారం తూము తెరవబడెను. మడి ముంచబడెను. ఒక్క 'బై' లేదు. పై దఫ్తరు నుంచి ఆ కాగితం వారంలో తిరిగి వచ్చింది. అంచున ఎర్ర సిరాతో రెండే మాటలు: 'బై హూమ్?' ఎవరి చేత?

బయాన్

సాబ్ ఆ వారం జ్వరంతో పడి ఉన్నారు. లష్కర్ బయాన్, అంటే వాంగ్మూలం, తీసుకుని పంపమని నాకూ, ఓవర్సీరు మాణిక్‌రావుకూ చెప్పి పంపారు. మాణిక్‌రావు దెగ్లూరు వైపు మరాఠీవాడు. ఆ కాలువ లష్కర్లంతా ఆయన కింద.

సాయన్న ఉతికిన రుమాలు తలకు చుట్టుకుని వచ్చి గడప అవతలే నిలబడ్డాడు. నేను కలం సిరాలో ముంచాను.

"తూము ఎవలు తెరిచిండ్రు సాయన్నా?"

"నేనే తెరిచిన మున్షీ సాబ్. ఇంకెవలు తెరుస్తరు? చావి నా తాననే ఉంటది."

"ఎందుకు తెరిచినవ్?"

"బిల్ల వచ్చింది, తెరిచిన."

బిళ్ళ ఏమిటో నాకు తెలియలేదు. అడగలేదు. రెండు అల్మారాల పుస్తకాలు చదివినవాడిని, అక్షరం రాని మనిషిని అదేమిటని అడగడం చిన్నతనం అనిపించింది. లష్కర్ల మాటల్లో అదేదో ఊతపదం అనుకుని వదిలేశాను.

"వానొచ్చినంక ఎందుకు ముయ్యలే?"

"ముయ్యుమని రాకపాయె సాబ్."

మాణిక్‌రావు కిటికీ దగ్గర నిలబడి తమలపాకుకు సున్నం రాస్తున్నాడు. రాసిన ఆకుకే మళ్ళీ రాశాడు.

నేను రెండు వాక్యాలు రాశాను. తూము లష్కర్ సాయన్న చేత తెరవబడెను. అది అతని చేత మూయబడలేదు. ఎర్ర సిరా అడిగిన 'బై' రెండుచోట్లా పెట్టాను. వ్యాకరణంలో వేలెత్తి చూపడానికి లేదు. కింద ప్రతి బయాన్‌కూ రాసే వాక్యమే రాశాను: 'రెడ్ ఓవర్ అండ్ ఎక్స్‌ప్లెయిన్డ్ టు హిమ్.' అతనికి చదివి వినిపించి, వివరించడమైనది.

చదవలేదు. వినిపించలేదు. అప్పటికి ఆ వాక్యం నాలుగు వందల కాగితాల మీద రాసి ఉంటాను. ఎన్నిటిని చదివానో ఇప్పుడు చెప్పలేను.

సాయన్న బొటనవేలు సిరా దిండు మీద అద్ది, "ఏం రాసినవ్ సాబ్?" అన్నాడు.

"నువ్వు చెప్పిందే."

నమ్మి వేలు వేశాడు. మిగిలిన సిరా తలవెంట్రుకలకు తుడుచుకుని దండం పెట్టి పోయాడు.

పదిహేను రోజుల్లో హుకుం వచ్చింది. లష్కర్‌ను కొలువు నుంచి తీసేశారు. నెలాఖరులోగా గుడిసె ఖాళీ చేయాలి. ఆ గుడిసె తప్ప వాళ్ళకు ఇల్లు లేదు.

వెంకట్రామయ్యగారి మాట

నాలుగు రోజులయ్యాక వెంకట్రామయ్యగారు దఫ్తరుకు వచ్చారు. మునిగింది ఆయన మడే గనక, లష్కర్‌ను తీసేసినందుకు సంతోషపడతారనుకున్నాను.

"ఏవండీ గుమాస్తాగారూ, సాయన్నని పీకేశారటగా?"

"తూము తెరిచింది తనేనని వేలిముద్ర వేశాడండి."

"అతను తెరవకపోతే నేనొచ్చి తెరుస్తానా? అది కాదండీ నేననేది. కిందటి వేసవిలో నారు మాడిపోతుంటే నేనూ మా తమ్ముడూ వెళ్ళి కాళ్ళావేళ్ళా పడ్డాం. జానెడెత్తు ఎత్తవయ్యా చాలునన్నాం. కల్లు పోయిస్తామన్నాం. మా తమ్ముడైతే కొడతానని కర్ర కూడా తీశాడు. ఎత్తాడా? 'బిళ్ళ రావాలె' అని కూర్చున్నాడు. అంత మొండోడు ఆ సోమవారం పొద్దున్నే లేచి సరదాగా ఎత్తేశాడంటారా?"

"బిళ్ళంటే ఏమిటండీ?" అన్నాను. ఆ ప్రశ్న నా నోటి నుంచి రావడానికి మూడు వారాలు పట్టింది.

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "బాగుందండీ. మీ దఫ్తరు సంగతి నన్నడుగుతారేం?"

దువ్వెన పళ్ళు

మర్నాడు పొద్దున సైకిలు మీద తూము దగ్గరికి వెళ్ళాను. మూడేళ్ళు ఆ కాలువ గురించి రాశాను గానీ, ఆ గుడిసె ముందు దిగడం అదే మొదలు. గంగవ్వ కుండలను గడ్డిలో చుట్టి గంపకెత్తుతోంది. సాయన్న తూము ఇనుప చక్రానికి నూనె రాస్తున్నాడు.

"కొలువు పోయినంక నూనె ఎందుకు సాయన్నా?"

"వచ్చేటోనికి తుప్పు పట్టిన చక్రం ఇస్తే ఏమనుకుంటడు సాబ్?"

గుడిసె గుంజకు మేకు, మేకుకు దారం, దారానికి ఒక ఇత్తడి ముక్క వేలాడుతోంది. దువ్వెనకున్నట్టు దానికి రెండు పళ్ళు. భూమి కొలిచే గొలుసుకు పదేసి కడియాలకు ఒకటి చొప్పున ఇలాంటివి ఉంటాయి. తెగిన గొలుసు నుంచి తీసినదని తెలుస్తూనే ఉంది.

"ఇదేనా బిళ్ళ?"

గంగవ్వ గంప దించి నవ్వింది. ఆ నవ్వు ఇంకా నా చెవిలో ఉంది. "అయ్యో బిడ్డా! గింత ఇంగిలీసు సదివినోనివి, బిల్ల తెల్వదా? బిల్ల తెల్వకనే మావోని కొలువు తీసినవా?"

"ఊకోయే" అని సాయన్న ఆమెను కసిరి, నాకు చెప్పాడు. లష్కర్లకు చదువు రాదు. ఓవర్సీరు ప్రతి తూముకూ తిరగలేడు. అటుగా పోయే బండివాడి చేతికి బిళ్ళ ఇచ్చి పంపుతాడు. రెండు పళ్ళ బిళ్ళ వస్తే ఎత్తాలి. ఒంటి పన్ను బిళ్ళ వస్తే దించాలి. జానెడా, మూరెడా అన్నది బండివాడు చేత్తో చూపిస్తాడు. బిళ్ళ లేకుండా ఎవరు చెప్పినా, దేవుడే దిగి వచ్చి చెప్పినా, చక్రం ముట్టుకోకూడదు. వచ్చిన బిళ్ళ లష్కర్ దగ్గరే ఉండాలి. ఓవర్సీరు స్వయంగా వచ్చి, తూము చూసి, తన చేత్తో తీసుకుపోవాలి. ఏ ఖాయిదాల పుస్తకంలోనూ, ఏ నియమాల్లోనూ ఇది లేదు. కాలువ మీద పని చేసే ప్రతివాడికీ తెలుసు. కాలువ గురించి రాసేవాడికే తెలియదు.

"సోమారం పొద్దుగాల రెండు పండ్ల బిల్ల వచ్చింది. మూరెడు ఎత్తిన. వాన పట్టంగనే తొవ్వ దిక్కే చూస్తున్న. ఒంటి పన్ను బిల్ల వస్తదేమో, వస్తదేమో అని. రాలే."

"మరి ఇది బయాన్‌ల ఎందుకు చెప్పలే?"

"చెప్పిన గద సాబ్. బిల్ల వచ్చింది, తెరిచిన అన్న. నువ్వు రాసుకుంటివి."

బిళ్ళ ఇస్తే ఇంజనీరు సాబ్‌కు చూపిస్తానని చెయ్యి చాచాను. సాయన్న అడ్డంగా తల ఊపాడు.

"ఓవర్సీర్ సాబ్ చేతికే ఇయ్యాలె."

"నీ కొలువు కోసమే కదా అడుగుతున్న!"

"కొలువు పోయినా ఖాయిదా ఖాయిదనే గద."

ఎవరూ లేరు హుజూర్

ఆ దారంతా సైకిలు నడిపించుకునే వచ్చాను, ఎక్కలేదు. నెలాఖరుకు ఆరు రోజులుంది. సాబ్ దగ్గరికి వెళితే నా కొలువూ పోవచ్చు. మా ఇంట్లో వాళ్ళలో చదువుకుని ఉద్యోగం చేస్తున్నవాడిని నేనొక్కడినే. అయినా దఫ్తరు మెట్ల దగ్గర ఆగితే ఇక ఎక్కలేనని, ఆగకుండా నేరుగా వారి గదిలోకి పోయాను.

అంతా చెప్పాను. సాబ్ బయాన్ నకలు తెప్పించుకుని చదివారు. చివరి వాక్యం మీద వేలు పెట్టారు.

"చదివి వినిపించారా?"

"లేదు హుజూర్."

"వినిపించినట్టు రాసి ఉంది."

"రాసి ఉంది. రాసింది నేనే."

"మరి వినిపించింది ఎవరు?"

"ఎవరూ లేరు హుజూర్."

సాబ్ కాగితాన్ని నా వైపు తిప్పారు. లష్కర్‌కు రెండుచోట్ల 'బై' తగిలించి, నా పేరు ఉండాల్సిన చోట తోక కోసేశానని నాకు అప్పుడు కనబడింది. పుస్తకం చదివి నేర్చుకున్న విద్యతో నేను చేసింది అది.

"టాంగా కట్టించు. మాణిక్‌రావును కూడా రమ్మను" అన్నారు.

తూము దగ్గర ముగ్గురం దిగాం. సాయన్న పరుగున గుడిసెలోకి పోయి బిళ్ళ తెచ్చి, రెండు చేతులా పట్టుకుని మాణిక్‌రావు ముందు నిలబడ్డాడు. ఆ మొహంలో ఎత్తిపొడుపు లేదు.

"ఇది తీస్కపోకపోతిరి సాబ్. జాగ్రత్తగ పెట్టిన."

మాణిక్‌రావు బిళ్ళ తీసుకున్నాడు. తరువాత కోటు లోపలి జేబులో చెయ్యి పెట్టి ఇంకొక బిళ్ళ తీశాడు. దానికి ఒకటే పన్ను. రెండూ అరచేతిలో పక్కపక్కన పెట్టి సాబ్‌కు చూపించాడు.

"కింది రైతులు నీళ్ళు నీళ్ళని సతాయిస్తుండిరి సాబ్. రెండు పండ్లది పంపి, నేను బిచ్కుంద సంతకు పోయిన. అక్కడ వాన లేకుండె. ఇక్కడ పడతదని నాకేం తెల్సు? ఇది నా జేబులనే ఉండిపాయె."

"ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదు?"

"ఎవలన్నా అడుగుతరేమోనని చూసిన. ఎవలూ అడగకపోతిరి."

ఆయన్ని నేను తప్పు పట్టడానికి లేదు. ఆ అడగనివాళ్ళలో మొదటివాడిని నేనే.

సాయంత్రం కొత్త బయాన్ రాయడానికి కూర్చున్నాను. ఈసారి ముందు తెలుగులో అనుకున్నాను. ఓవర్సీరు తెరవమని బిళ్ళ పంపాడు. లష్కర్ తెరిచాడు. ఓవర్సీరు మూయమని బిళ్ళ పంపలేదు. ఎవరు చేసింది వాళ్ళను ముందు పెట్టి రాశాను. ఒక్క వాక్యమూ తిరగేయలేదు. మాణిక్‌రావు నా వెనక నిలబడి చూస్తున్నాడు.

"మున్షీ, నా పేరు పెడుతున్నవా?"

"పెడుతున్న రావ్‌సాబ్."

"పెట్టు బాబా, పెట్టు."

అని బల్ల మీద కూర్చుని, నెల రోజుల తరువాత మొదటిసారి నిదానంగా ఒక తాంబూలం చుట్టుకున్నాడు.

ఆ కాగితాన్ని మర్నాడు గుడిసెకు తీసుకుపోయి, వాక్యం వాక్యం తెలుగులో చదివాను. సాయన్న ఆపి ఆపి విన్నాడు. 'మూరెడు' అన్న మాట రాయలేదని గంగవ్వ పట్టుకుంది. రాశాను. అప్పుడు వేలు తీసుకున్నాను. కింద ఇలా రాశాను: నేను దీన్ని ఇతనికి తెలుగులో చదివి వినిపించాను. కింద నా పేరు.

సాబ్ పై దఫ్తరుకు తన వాక్యం తానే, వణికే చేత్తో జతచేశారు: మొదటి బయాన్‌ను మా దఫ్తరు తప్పుగా రాసింది. జవాబు వచ్చేదాకా గుడిసె ఖాళీ చేయించేది లేదని కూడా. నా సర్వీసు పుస్తకంలో ఒక మందలింపు ఎక్కింది. ఇప్పటికీ ఉంది. మాణిక్‌రావును వేరే కాలువకు మార్చారు. అక్కడ ఆయన బిళ్ళ పంపిన రోజే తిరిగి తెచ్చుకునేవాడని విన్నాను.

మీకు చెప్పేది

ప్యాసివ్ వాయిస్ చెడ్డదని నేననను. కొందరు కొత్త మేనేజర్లు అలా అంటున్నారట, అది తెలివితక్కువతనం. గోడ కట్టబడింది, గండి పూడ్చబడింది, వాన కొలవబడింది అని రాయండి. జరిగినదే ముఖ్యమైన చోట అది మంచి పనిముట్టు. కాని ఒక మనిషి తిండి ఆ వాక్యం మీద ఆధారపడినప్పుడు, దాన్ని రాసి పక్కన పెట్టి, 'ఎవరు?' అని మిమ్మల్ని మీరు అడగండి. జవాబు మీరే అయితే మీ పేరుతోనే మొదలుపెట్టండి. తెలియని మాట వినబడితే ఆగి అడగండి. అడిగితే పోయే మర్యాద చాలా చిన్నది. నేను తూచి చూశాను.

నలభైలలో, సంస్థానం రోజులు ముగిసేముందు, పని మీద నిజామాబాదు వెళ్ళినప్పుడు అక్కడి గ్రంథాలయంలో నా వ్యాకరణం నిండు ప్రతి దొరికింది. చెద ముట్టని ఆ నాలుగు పుటలూ నిలబడే చదివాను. ఇంజనీరు సాబ్ చెప్పిన మూడు సంగతులూ వరసగా ఉన్నాయి. బిళ్ళ సంగతి లేదు. పుస్తకం మూసి పెట్టి, ఇంకో అల్మారా వైపు వెళ్ళాను.

వచ్చిన హుకుం

చెప్పకుండా మిగిల్చింది ఇది ఒక్కటే.

కొత్త బయాన్ పోయాక ఇరవై రోజులు జవాబు లేదు. ఆ ఇరవై రోజులూ సాయన్న కొలువు లేకుండానే చక్రానికి నూనె రాశాడు. గంగవ్వ కుండలు గంపలోనే ఉంచి, ఒక కుండతో వంట చేసింది. ఇరవై ఒకటో రోజు టపాలో ఒక సన్న కవరు వచ్చింది. నేను విప్పి చదివి, సాబ్ సంతకం కోసం కూడా ఆగలేదు. సైకిలెక్కాను.

నన్ను చూసి ఇద్దరూ గుడిసె బయటికి వచ్చారు. గంగవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"లష్కర్ సాయన్న ఈజ్ రీఇన్‌స్టేటెడ్" అని చదివాను.

"అంటే ఏందయ్యా?"

"లష్కర్ సాయన్న మళ్ళ కొలువులకు తీసుకోబడ్డడు."

సాయన్న కాగితం దగ్గరికి వచ్చాడు. "ఎవలు తీసుకున్నరు?"

వెతికాను. ఆ కాగితంలో చేసినవాడి పేరు లేదు. 'బై' లేదు. "రాయలే సాయన్నా."

"పోనీ తియ్యి, ఎవలైతేంది. నేనున్ననా అందుల?"

"ఉన్నవ్."

"ఏడున్ననో సూపియ్యి."

కాగితం అతని వైపు తిప్పి, వేలు పెట్టి చూపించాను. మొదటి బయాన్‌లో అతని పేరు వాక్యం తోకన, 'బై' వెనకాల ఉండేది. ఇందులో వాక్యం అతనితోనే మొదలైంది.

"అందరికన్నా ముందల ఉన్నవ్."

సాయన్న వంగి, ఆ అక్షరాలను ఇంటి గడపను చూసినట్టు చూశాడు. గంగవ్వ లోపలికి పోయింది. గంపలో నుంచి కుండలు తీసి ఒక్కొక్కటిగా నేల మీద పెడుతున్న చప్పుడు మాకు వినబడుతూనే ఉంది. కొలువు తీసినప్పుడు దఫ్తరు తీసుకున్న తూము తాళం చావిని తెచ్చాను, సాయన్న చేతిలో పెట్టాను. దాన్ని మొలతాడుకు కట్టుకుని, ముడి ఒకసారి లాగి చూసుకుని, రుద్రూరు బండ్లు వచ్చే తోవ వైపు చూశాడు.

"బిల్ల ఏమన్న వచ్చిందా సాబ్?" అన్నాడు.